గిలి అయిర్ దీవిలో 25 ఏళ్ల లీజు: 60 లక్షలు పెట్టొచ్చా?

తాటాకు_పాక:
అందరికీ నమస్కారం. మాది కాకినాడ, ఉద్యోగం బెంగళూరులో. మొన్న మే నెలలో మా ఆవిడా నేనూ ఇండోనేషియాలో లొంబోక్ పక్కనున్న గిలి అయిర్‌లో తొమ్మిది రోజులున్నాం. బెంగళూరు నుంచి బాలికి నేరుగా విమానం, అక్కణ్ణుంచి స్పీడ్ బోటు. దీవిలో మోటారు బండ్లు లేవు. సైకిలు, లేదంటే చిదోమో అనే గుర్రబ్బండి. నడక మొదలుపెడితే గంటన్నరలో దీవి చుట్టేయొచ్చు.

మేం దిగిన హోమ్‌స్టే ఓనరు తన స్థలం ఒకటి చూపించాడు. ఒడ్డుకి బాగా లోపల, కొబ్బరిచెట్ల మధ్య 4 ఆరెలు. అక్కడ ఆరెల్లోనే చెప్తారు. ఒక ఆరె అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో 120 గజాలు. 25 ఏళ్ల లీజు, డబ్బంతా ముందే. లీజూ, రెండు చెక్క బంగళాలూ కలిపి మన 60 లక్షల్లో అయిపోతుందంటున్నాడు. ఏడాదిలో మూణ్ణెల్లు మేం ఉండి, మిగతా రోజులు టూరిస్టులకి ఇద్దామని ఆలోచన. మా ఆవిడ సరే అంది. మా నాన్నగారు వారం నుంచి ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. మీరేమంటారు?

మియాపూర్_మావయ్య:
నాది మీ నాన్నగారి పక్షం. 25 ఏళ్ల తర్వాత మీకు మిగిలేవి ఫోటోలు. అదే డబ్బు శంకరపల్లి వైపు పెడితే కనీసం మట్టైనా మీదవుతుంది. అయినా పేరులోనే గిలి ఉన్న చోటికి సముద్రం దాటి వెళ్లి మరీ డబ్బు పోస్తారా?

కొబ్బరినీళ్లు:
మావయ్యగారూ, సస్సక్ భాషలో గిలి అంటే చిన్న దీవి. భయం మనది. మా తమ్ముడు అమీర్‌పేటలో తొమ్మిదేళ్ల లీజుకి షాపు తీసుకుని ఇంటీరియర్‌కే 40 లక్షలు పోశాడు. తొమ్మిదేళ్ల తర్వాత చేతిలో ఏముంటుందని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అది వ్యాపారం కాబట్టి. దీన్నీ అలాగే చూడాలి. స్థలం కొంటున్నానని కాకుండా 25 ఏళ్ల అద్దె ముందే కడుతున్నానని అనుకోండి. ఎన్నేళ్లలో డబ్బు వెనక్కి వస్తుందన్న ఒక్క లెక్క చాలు. మన ఇళ్లలో మట్టి మీద మోజు ఎక్కువ. ఖాళీ ప్లాటు చుట్టూ గోడ కట్టి, ఏడాదికోసారి వెళ్లి తుమ్మచెట్లు కొట్టించడాన్ని కూడా పెట్టుబడి అంటాం.

చిదోమో_చక్రం:
నేను 2016 నుంచి 2021 దాకా పక్కనున్న గిలి త్రవాంగన్‌లో డైవింగ్ నేర్పాను. కొంచెం పెద్ద పోస్టే ఇది, ఓపిక పట్టండి.

కొబ్బరినీళ్లు గారి లెక్క బాగుంది, కానీ ఒక చోట తెగిపోతుంది. అమీర్‌పేటలో వాళ్ల తమ్ముడికి వ్యాపారం చేసుకునే హక్కుంది. గిలిలో మన తాటాకు గారికి అది లేదు. చిన్న హోమ్‌స్టేలకిచ్చే పొందోక్ విసాతా లైసెన్సు ఇండోనేషియా పౌరులకే. విదేశీయుడు తన పేరున గదులు అద్దెకివ్వాలంటే విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టాలి, పీటీ పీఎంఏ అంటారు. దానికి పెట్టుబడి 1,000 కోట్ల రుపియా దాటాలి. గుండె పట్టుకోకండి, మన డబ్బులో అది ఐదు కోట్ల పైచిలుకు. మీ 60 లక్షలు దాదాపు 110 కోట్ల రుపియా. అసలు చిక్కు ఇదే, 25 ఏళ్లా 30 ఏళ్లా అన్నది తర్వాత. టూరిస్ట్ వీసా మీద ఉండి మీ బంగళాలో గెస్టుకి కాఫీ అందించినా పని చేసినట్టే లెక్క కడతారు, దేశం నుంచి పంపేస్తారు.

ఇక కాగితాలు. హక్ మిలిక్ అంటే పూర్తి సొంతం, అది పౌరులకే. హక్ సెవా అంటే అద్దె హక్కు. ఆ హక్ మన హక్కే, అరబ్బీ నుంచి రెండు చోట్లకీ వచ్చింది. మనలాంటివాళ్లు మామూలుగా తీసుకునేది సెవా. ఓనరు దగ్గర సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. ఊరి పెద్ద సంతకం చేసిన కాగితం ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లు చాలామంది. తెలంగాణలో సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం, చూసినవాళ్లకి దాని విలువ నేను చెప్పక్కర్లేదు. త్రవాంగన్ కథ వినండి. 1995లో ప్రావిన్స్ ప్రభుత్వం 65 హెక్టార్లు ఒక కంపెనీకిచ్చింది. అనుకున్నవి కట్టలేదు. జనం అందులో ఇళ్లు, హోటళ్లు కట్టుకున్నారు. వాళ్ల దగ్గర విదేశీయులు లీజులు తీసుకున్నారు. 2021లో ఆ ఒప్పందం రద్దయింది. అప్పుడు ప్రావిన్స్ వచ్చి స్థలం మాది, ఇక మాతో ఒప్పందం చేసుకోండి అంది. పాతికేళ్లకని అద్దె మొత్తం ముందే కట్టినవాళ్ల మొహాలు నేను చూశాను.

నీళ్లు. అయిర్ అంటే నీళ్లే. మూడు గిలిల్లో కాస్త మంచినీళ్లున్న బావులు అక్కడే ఉన్నాయి కాబట్టి ఆ పేరు. ఇప్పుడు లొంబోక్ నుంచి సముద్రం అడుగున పైపు కూడా వస్తోంది. మేమున్న త్రవాంగన్‌లో బావినీళ్లు ఉప్పు. సబ్బు నురగ రాదు. హైదరాబాద్ నుంచి మోసుకెళ్లిన కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉండేది. చివరికి పప్పు కోసమే 19 లీటర్ల మంచినీళ్ల డబ్బా గుర్రబ్బండి మీద తెప్పించుకునేవాణ్ణి. 2024లో త్రవాంగన్‌లో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు, పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయన్న గొడవలో ఆగింది. మూడో గిలి అయిన మెనో దీవి జనం నీళ్ల కోసం ఆందోళనకు దిగారు. వాళ్లకి తాగడానికి లేని రోజుల్లో మన గెస్టులకి ఈత కొలను నింపితే ఊళ్లో మనల్ని ఎలా చూస్తారో మీరే ఆలోచించండి.

షార్ట్‌కట్_సుబ్బడు:
ఇంత రామాయణం ఎందుకన్నా? నమ్మకమైన లోకల్ మనిషి పేరు మీద హక్ మిలిక్ కొనేయడం, అతని దగ్గర అప్పు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవడం. బాలిలో సగం విల్లాలు అలాగే నడుస్తున్నాయి.

చిదోమో_చక్రం:
నడుస్తాయి, గొడవ వచ్చేదాకా. వాళ్ల 1960 నాటి భూమి చట్టంలో 26వ సెక్షన్ చదువు తమ్ముడూ. విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ భూమి చేరేలా చేసిన లావాదేవీ చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి లేదు. మన బినామీ చట్టానికి పెద్దన్న. నమ్మకమైన మనిషి చనిపోతే, అతని భార్యా పిల్లలూ నిన్ను ఎప్పుడూ చూడని మనుషులు.

లెక్కల_మాస్టారు:
మనవైపు సంగతి ఒకటి. విదేశానికి ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, అందులో ఇబ్బంది లేదు. కానీ ఇలాంటి పెట్టుబడికి 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటుంది. ఒక్కరే 60 లక్షలు పంపితే 10 లక్షలు. భార్యాభర్తలు సగం సగం పంపితే 8. రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. కాబట్టి కావలసింది 60 కాదు, 70. ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం మరవకండి. దాచారని తేలితే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు.

కొబ్బరినీళ్లు:
లైసెన్సు సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. అయినా లైసెన్సు ఓనరు పేరునే ఉంచి, వ్యాపారం ఆయనే చేసి, వీళ్లు ఇల్లు లీజుకి తీసుకుని ఉంటే తప్పేముంది? రాబడి తగ్గుతుంది, అంతే కదా.

చిదోమో_చక్రం:
తప్పు లేదక్కా. కానీ అప్పుడది పెట్టుబడి కాదు, ముచ్చట. ముచ్చటకి 60 లక్షలు పెట్టగలిగితే నేనెవర్ని వద్దనడానికి.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. 2018 ఆగస్టు 5 రాత్రి లొంబోక్ భూకంపం వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. 6.9 తీవ్రత. కరెంటు పోయింది, సునామీ అని ఎవరో అరిచారు, చీకట్లో అందరం గుట్ట ఎక్కాం. తెల్లారాక పడవల కోసం ఒడ్డున వేలమంది. లొంబోక్‌లో 500 మందికి పైగా పోయారు. త్రవాంగన్‌లో ఎక్కడానికి ఒక గుట్టయినా ఉంది. గిలి అయిర్ చదునుగా అరచేయిలా ఉంటుంది. రెండేళ్లు తిరక్కుండానే కోవిడ్ వచ్చి టూరిస్టులే లేకుండా పోయారు. పాతికేళ్ల లెక్క వేసేటప్పుడు ఎన్నేళ్లు గదులు ఖాళీగా ఉండొచ్చో కూడా వేసుకోండి.

తాటాకు_పాక:
అందరికీ థాంక్స్. నిన్న ఓనరుని సర్టిఫికెట్ అడిగాను. వెంటనే ఫోటో పంపాడు, దాచిందేమీ లేదు. వాళ్ల నాన్న పేరున ఊరి పెద్ద సంతకంతో ఒక కాగితం. నాన్న పోయారు. ముగ్గురు అన్నదమ్ములు, ఒకాయన మలేషియాలో పామాయిల్ తోటలో పనిచేస్తున్నాడు, ఇంటికి వచ్చి నాలుగేళ్లయిందట.

చిదోమో_చక్రం:
ముందు ఆ కాగితం ముగ్గురి పేర్ల మీద సర్టిఫికెట్‌గా మారాలి. ముగ్గురూ నోటరీ ముందు సంతకం పెట్టాలి, మలేషియా ఆయనతో సహా. ఈలోగా మీకు చోటు కావాలంటే నెల అద్దెకి ఇల్లు తీసుకుని జనవరిలో ఉండి చూడండి. వానలూ గాలీ ఎక్కువై పడవలు ఆగే రోజులవి.

మియాపూర్_మావయ్య:
శంకరపల్లిలో పడవలు ఆగవు.

తాటాకు_పాక:
మావయ్యగారూ 😀 ఇంకో విషయం. నాన్నగారు పొద్దున ఫోన్ చేశారు. మా చెల్లి ఈ చర్చంతా చదివి వినిపించిందట. లీజు గురించి, భూకంపం గురించి ఒక్క మాట అడగలేదు. "పప్పు ఉడకని చోట మూణ్ణెల్లు ఏం తింటార్రా?" అన్నారు.

చిదోమో_చక్రం:
పైపు నీళ్లకి ఉడుకుతుందని చెప్పండి. కానీ ఆ నాలుగు ఆరెల దాకా పైపు వచ్చిందో లేదో కనుక్కున్నాకే చెప్పండి.