అప్‌డేట్: మొదటి డీఎస్‌ఎల్‌ఆర్‌గా ఏది తీసుకున్నానంటే

ఇంట్లో పిల్లల ఫొటోలకూ, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులోని గూడబాతులకూ పనికివచ్చేలా, లెన్సులు మార్చుకోగల డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో నికాన్ డీ5600 కొనాలా, కెనాన్ 200డీ మార్క్ టూ కొనాలా అని ఇదివరకు అడిగాను. చివరకు కెనాన్ తీసుకున్నాను.

రెండింటి సెన్సర్లూ దాదాపు 24 మెగాపిక్సెళ్లవే కాబట్టి, ఆ అంకెను పక్కనపెట్టి లెన్సుల సంగతి చూడమన్న మీ సలహాయే నాకు దారి చూపింది. డీ5600 బాడీలో (లెన్సు తీసేస్తే మిగిలే కెమెరాలో) ఫోకస్ మోటారు లేనందున, మా బాబాయి ఇస్తానన్న, సొంత మోటారు లేని పాత నికాన్ 50 ఎంఎం ఎఫ్/1.8డీ లెన్సు దానిపై ఆటోఫోకస్ చేయదు. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు అమర్చే ఈఎఫ్ లెన్సులలో మోటారు లెన్సులోనే ఉంటుంది గనుక, సెకండ్‌హ్యాండ్‌లో పాతవి కొన్నా ఆ చిక్కు రాదు. పైగా రేపు కెనాన్‌వే అయిన మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) ఆర్ శ్రేణి కెమెరాలకు మారినా, అడాప్టర్ పెట్టి ఇవే లెన్సులను ఆటోఫోకస్‌తో వాడుకోవచ్చు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే బలమైన కారణం.

కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్సుతో పాటు 50 ఎంఎం ఎఫ్/1.8 కూడా తీసుకున్నాను. ఈ బాడీపై అది ఫుల్‌ఫ్రేమ్ (ఇంతకంటే పెద్ద సెన్సరున్న) కెమెరాలో 80 ఎంఎం లెన్సు చూపేంత దృశ్యాన్నే చూపుతుంది కనుక, పోర్ట్రెయిట్‌లకు ఎంతో బాగుంది. ఎఫ్/1.8 అంటే వెలుతురు ఎక్కువగా లోనికి వచ్చే వెడల్పైన రంధ్రం కాబట్టి, సాయంత్రం వసారాలోని తక్కువ వెలుతురులో కూడా ఫ్లాష్ వాడవలసిన అవసరం రాలేదు.

పక్షులకు 18-55 ఎంత మాత్రమూ చాలదు. అందుకే సెకండ్‌హ్యాండ్ 55-250 ఎంఎం ఎస్‌టీఎం జూమ్ లెన్సు కోసం చూస్తున్నాను. కొనేముందు గాజులో ఫంగస్ ఉందేమో టార్చి వేసి పరీక్షిస్తాను.