అక్యూట్ పాంక్రియాటైటిస్‌లో నైట్రిక్ ఆక్సైడ్ అవయవాలను కాపాడుతుందా, దెబ్బతీస్తుందా?

ప్రశ్న (పీజీ విద్యార్థి): అక్యూట్ పాంక్రియాటైటిస్‌లో (క్లోమానికి హఠాత్తుగా వచ్చే వాపు) ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినే తీరుపై సెమినార్ సిద్ధం చేసుకుంటున్నాను. శరీరంలోనే పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారీని ఎల్-నేమ్ అనే మందుతో ఆపితే ఎలుకల్లో వ్యాధి ముదిరిందని ఒక పరిశోధన పత్రంలోనూ, ఆ తయారీని ఆపే మందు (నిరోధకం) ఇస్తే ఊపిరితిత్తుల హాని తగ్గిందని మరో పత్రంలోనూ చదివాను. ఈ రెంటికీ పొంతన ఎలా కుదురుతుందో పెద్దలు వివరించగలరు.

సమాధానం: రెండు పత్రాల్లోనూ ఏ నిరోధకాన్ని, వ్యాధి మొదలైన ఎంతసేపటికి ఇచ్చారో ముందు చూడండి, చిక్కుముడి చాలావరకు అక్కడే విడిపోతుంది. ఎల్-ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్ ఒకటి కాదు. రక్తనాళాల లోపొరలో ఉండే ఈ-నాస్ అనే ఎంజైమ్ కాల్షియం అదుపులో పనిచేస్తూ కొద్దికొద్దిగా విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్, సన్నని నాళాలను సడలించి, ప్లేట్‌లెట్లు గుమికూడకుండా, తెల్లకణాలు నాళపు గోడకు అతుక్కోకుండా చూస్తుంది. క్లోమానికి రక్తప్రసరణ తగ్గితే కణజాలం చచ్చిపోయే ముప్పు పెరుగుతుంది కనుక, అన్ని ఎంజైమ్‌లనూ కలిపి అణచే ఎల్-నేమ్ ఈ రక్షణను కూడా తీసేస్తుంది.

మరో ఎంజైమ్ ఐ-నాస్ సంగతి వేరు. వాపును రేపే ప్రోటీన్లైన టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1, పేగు నుంచి రక్తంలోకి చేరే బ్యాక్టీరియా విషం ఎండోటాక్సిన్ వంటివి జన్యువులను పనిచేయించే ఎన్ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీన్‌ను ప్రేరేపించినప్పుడు, తెల్లకణాల్లో ఒక రకమైన మాక్రోఫేజ్‌లలో అది కొత్తగా తయారై, కాల్షియంతో నిమిత్తం లేకుండా గంటల తరబడి నైట్రిక్ ఆక్సైడ్‌ను పెద్దమొత్తంలో వెలువరిస్తుంది. అదే సమయంలో అక్కడ సూపర్ఆక్సైడ్ (ఆక్సిజన్ తాలూకు చురుకైన రూపం) కూడా ఉంటే రెండూ కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారతాయి. అసలు విధ్వంసకారి ఇదేనని నా అభిప్రాయం. ఇది ప్రోటీన్లలోని టైరోసిన్‌కు నైట్రో సమూహాన్ని తగిలిస్తుంది, డీఎన్ఏను తెంచుతుంది, మైటోకాండ్రియా శ్వాసక్రియను కుంటుపరుస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలితిత్తులకూ రక్తకేశనాళికలకూ మధ్యనున్న పొర ఇలా దెబ్బతింటే ద్రవం లోనికి ఊరి తీవ్ర శ్వాస వైఫల్యమైన ఏఆర్‌డీఎస్‌కు దారితీయవచ్చు. అందుకే ఐ-నాస్‌ను మాత్రమే ఆపే నిరోధకంతో ఊపిరితిత్తుల హాని తగ్గవచ్చు. మూత్రపిండాల విషయంలో ఈ హానికి తోడు రక్తపోటు పడిపోవడం, నాళాల్లోని ద్రవం బయటికి జారిపోవడం కూడా లెక్కలోకి వస్తాయి కనుక, నిందనంతా నైట్రిక్ ఆక్సైడ్‌పైనే వేయకండి.

అనుబంధ ప్రశ్న (అదే విద్యార్థి): అలాగైతే రోగులకు నిరోధకాలు ఎందుకు ఇవ్వడం లేదు? నైట్రిక్ ఆక్సైడ్ మారి ఏర్పడే నైట్రైట్, నైట్రేట్ రక్తంలో కొలిస్తే తీవ్రత తెలుస్తుందా?

సమాధానం: సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ముదిరి రక్తపోటు పడిపోయే స్థితి) రోగులపై అన్ని ఎంజైమ్‌లనూ అణచే నిరోధకాన్ని పరీక్షించినప్పుడు మరణాలు పెరగడంతో ఆ ప్రయోగాన్ని ముందుగానే ఆపేశారు, ఆ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పాంక్రియాటైటిస్ చికిత్సలోనూ ఈ నిరోధకాలకు చోటు దక్కలేదు. ఇక నైట్రేట్ స్థాయి తిన్న ఆహారాన్నిబట్టీ, మూత్రపిండాల పనితీరునుబట్టీ మారుతుంది కనుక ఆ ఒక్క అంకెతో నిర్ణయానికి రాకూడదు. పాంక్రియాటైటిస్ తీవ్రతను నిర్ణయించే 2012 నాటి సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం అవయవ వైఫల్యం 48 గంటలు దాటి కొనసాగితేనే వ్యాధిని తీవ్రమైనదిగా పరిగణిస్తారు.

మరో సభ్యుని ప్రశ్న: మా బంధువు ఈ జబ్బుతో ఆసుపత్రిలో ఉండి కోలుకుంటున్నారు. రక్తప్రసరణకు మంచిదని ఎల్-ఆర్జినిన్ పొడి వాడవచ్చునా?

సమాధానం: వైద్యులను అడగకుండా ఇవ్వకండి. ప్రయోగశాలల్లో ఎలుకలకు పాంక్రియాటైటిస్ తెప్పించడానికి వాడే పద్ధతుల్లో అధిక మోతాదులో ఎల్-ఆర్జినిన్ ఎక్కించడం ఒకటి. పొడి మోతాదు అంత ఉండదన్నది నిజమే అయినా, కోలుకుంటున్న క్లోమంపై దాన్ని పరీక్షించి చూడవలసిన అవసరం లేదు. జబ్బు రావడానికి కారణం పిత్తాశయంలోని రాళ్లా, మద్యమా, ట్రైగ్లిజరైడ్లు పెరగడమా అన్నది డిశ్చార్జికి ముందే వైద్యులను అడిగి తెలుసుకోండి. మళ్లీ రాకుండా చూసుకోవడం దానిపైనే ఆధారపడి ఉంటుంది.