ఈ వారం సమస్య: ‘ఎత్తు పెరుగఁగఁ జెట్టు తా నెదుగదాయె’

నిర్వాహకుడు: తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో చివరి పాదం ఇది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఎత్తు పెరుగుతుంటే చెట్టు ఎదగకపోవడం ఏమిటన్నదే చిక్కు. కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో ఒక్క రోజు తిరుగుడు నేపథ్యంగా పూరించాలి. పొద్దున్నే బేర్ లేక్ నుంచి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ సరస్సుల దాకా చిన్న నడక. ఆ తర్వాత కారులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్ మీదుగా 12,183 అడుగుల ఎత్తుకు. ముందుపాదం చివర్నిబట్టి ‘నెత్తు’, ‘యెత్తు’ అని మార్చుకోవచ్చు.

పూరణ 1
కొలను చెంతను నింగిని కొలిచె మాను;
గాలి కొరడాల దెబ్బలఁ గడకు వంగి
శిఖరసీమను మోకాటి చెంత నిలిచె
నెత్తు పెరుగఁగఁ జెట్టు తా నెదుగదాయె.

నిర్వాహకుడు: చిక్కు చక్కగా విడిపోయింది తమ్ముడూ. ఎత్తు కొండది, ఎదగనిది చెట్టు. ‘నింగిని కొలిచె’ బాగా నచ్చింది. 9,475 అడుగుల దగ్గరున్న బేర్ లేక్ ఒడ్డున తలెత్తి చూస్తే ఆ చెట్లు అలాగే ఉంటాయి. ‘కడకు’ యతి కోసం (పాదం మొదటి అక్షరానికి మధ్యలో సరిపోలే అక్షరం రావాలిగా) వచ్చినట్టుంది, అయినా అర్థం చెడలేదు. అసలు ఇబ్బంది ‘శిఖరసీమ’తో. అక్కడ సుమారు 11,500 అడుగులు దాటాక చెట్టే ఉండదు, గడ్డీ నాచూ చిన్న పూలమొక్కలే. మోకాలెత్తు చెట్లు ఆ సరిహద్దు దగ్గరే కనిపిస్తాయి. ‘చెట్ల పొలిమేర మోకాటి చెంత నిలిచె’ అంటే యతి నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

పూరణ 2
పాప మెనిమిది నెలలును మంచుకింద
నిదుర వోయిన మొక్కకు నెలలు రెండె
వెచ్చదనమన్న పండుగ వేళ యగుట
నెత్తు పెరుగఁగఁ జెట్టు తా నెదుగదాయె.

నిర్వాహకుడు: కారణం చెప్పిన పూరణ ఇది, అందుకే నాకు ఇష్టం. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డునే మామూలుగా అక్టోబర్ మధ్య నుంచి మే చివరి దాకా మూసేస్తారు, ఇక చెట్టుకు పెరిగే తీరిక ఎక్కడిది! కానీ మొదటి పాదంలో ‘పా’కీ ‘మం’కీ యతి కుదరదమ్మా.

పూరణ 2 కవయిత్రి: గమనించాను మాస్టారూ. ‘మంచు ముసుగున నెనిమిది మాసములును’ అంటే సరిపోతుందా?

నిర్వాహకుడు: భేషుగ్గా సరిపోతుంది. ‘పాపం’ పోవడం కూడా మంచిదే, చెట్టు మీద జాలి మనం చెప్పక్కర్లేదు.

ఒక సభ్యురాలు: ట్రెయిల్ రిడ్జ్ రోడ్ మీద చెట్ల సరిహద్దు దాటాక వచ్చే రాక్ కట్ దగ్గర కాలిబాట ఎక్కడానికి ముందు, దిగువన రోడ్డు పక్క ఒక స్ప్రూస్ (సూదాకుల) చెట్టు చూశాను. పడమటి వైపు ఒక్క కొమ్మ లేదు, మాను నున్నగా తెల్లబడింది. కొమ్మలన్నీ తూర్పుకే, జెండా ఎగిరినట్టు. చలికాలపు గాలి మంచురవ్వలను విసిరి కొడుతుంటే గాలి తగిలే వైపు మొగ్గలు బతకవు. మంచు కప్పిన అడుగు కొమ్మలు మాత్రం పచ్చగా ఉంటాయి. దీని మీదా ఎవరైనా రాయండి.

పూరణ 3
వయసు నూఱైన నడుమంత వఱకె నిలిచి
పవనఘాతము తప్పించి బ్రతుకుకొఱకు
నేలఁ గఱచుక యొదిగిన నేర్పరి యయి
యెత్తు పెరుగఁగఁ జెట్టు తా నెదుగదాయె.

నిర్వాహకుడు: అక్కా, ఈ వారానికి ఇదే మేటి పూరణ. మొదటి రెంటిలో చెట్టు ఓడిపోయింది, మీ పద్యంలో బతకడం తెలిసి ఒదిగింది. సమస్యలోని ‘తా’ మిగతావాళ్లకు పాదం నింపే మాటే, మీ దగ్గర దానికి పని పడింది. వయసు మాటా అతిశయోక్తి కాదు, నడుమెత్తు చెట్లకు శతాబ్దాల వయసుండడం అక్కడ మామూలే. ‘బ్రతుకుకొఱకు’లో ‘కు’, ‘కొ’ పక్కపక్కన పడి చదవడానికి కాస్త తట్టుకుంటుంది, వీలైతే చూడండి.

వెళ్లేవాళ్లకు ఒక మాట. మధ్యాహ్నానికల్లా పైన తరచూ మెరుపులు మొదలవుతాయి, తలదాచుకునే చోటు కూడా ఉండదు కాబట్టి పొద్దున్నే ఎక్కి దిగిపోండి. కాలిబాట దాటి ఆ పూలమొక్కల మీద అడుగు వేయకండి, తొక్కిన చోట మళ్లీ మొలవడానికి దశాబ్దాలు పడుతుంది.

వచ్చే వారానికి అదే దారిలో మిల్నర్ పాస్, 10,758 అడుగులు. అక్కడ తూర్పున పడ్డ నీరు పూడర్ నది గుండా చివరికి మిసిసిపీ వైపు, పడమట పడ్డది కొలరాడో నది వైపు పోతుంది. సమస్య, తేటగీతిలోనే:
‘ఒక్క వర్షము రెండేళ్ల నుఱుకఁజేసె’