అమెరికా చిన్న ఊళ్లలో ఫర్నిచర్ దుకాణానికీ ఫ్యూనరల్ హోమ్‌కూ ఒకే ఇంటిపేరు ఎందుకు?

ప్రశ్న – ఒహాయో వాసి

మేము ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాము. గత నెల మా మిత్రుని తండ్రిగారు ఇక్కడికి వచ్చి ఉండగా కాలం చేశారు. దహనం కోసం ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యూనరల్ హోమ్‌కు, అంటే శవాన్ని ఉంచుకుని అంత్యక్రియలు చూసిపెట్టే చోటుకు, వెళ్లవలసి వచ్చింది. అది నాలుగు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉందట. కాగితాలు సిద్ధమయ్యే వరకు ముందు గదిలో కూర్చుని ఉండగా గోడ మీద ఒక పాత ఫోటో కనిపించింది. అందులో ఒక గుర్రపు బండి, వెనుక ఒక దుకాణం, దాని బోర్డు మీద పై వరుసలో ‘ఫర్నిచర్’, కింది వరుసలో ‘అండర్‌టేకింగ్’ (అంత్యక్రియల పని) అని ఉన్నాయి. బజారులో ఇప్పటికీ నడుస్తున్న ఫర్నిచర్ దుకాణానిది కూడా అదే ఇంటిపేరు.

మన వైపు శవాన్ని ఇంటి ముందే ఉంచుకుంటాము. పాడె కట్టేవారు వేరు, డప్పు కొట్టేవారు వేరు, కాటికాపరి వేరు. ఇక్కడ ఇదంతా ఒక్క కుటుంబం చేతిలోకి ఎలా వచ్చింది? మంచాలు, కుర్చీలు అమ్మేవారు ఈ పనిలోకి ఎందుకు దిగారు? పైగా యజమాని కుటుంబం ఆ భవనం మేడ మీదనే కాపురం ఉంటుందని విని ఆశ్చర్యపోయాను. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 – పాత కాగితాల పిచ్చి

మీ ఫోటోలోని బోర్డే సగం జవాబు చెబుతోంది. పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు అమెరికా పల్లెల్లో కూడా చావు ఇంటి వ్యవహారమే. ఇరుగుపొరుగు ఆడవారు శవానికి స్నానం చేయించి, బట్టలు తొడిగి, ముందు గదిలో పడుకోబెట్టేవారు. ఇంట్లో సమకూరనివి రెండే: శవపేటిక, బండి. పేటిక కోసం మంచాలు, బీరువాలు చేసే వడ్రంగి దగ్గరకు వెళ్తే కొలత తీసుకుని రాత్రికి రాత్రే చేసి ఇచ్చేవాడు. బండి కోసం గుర్రాలను అద్దెకిచ్చేవాని దగ్గరకు వెళ్లేవారు. ఈ రెండూ తానే చూసిపెడతానని ఒప్పుకున్నవాడు అండర్‌టేకర్. ఆ మాటకు అసలు అర్థం పని నెత్తిన వేసుకున్నవాడు అనే.

ఈ పక్క వ్యాపారం అసలు వ్యాపారంగా మారడానికి దారి వేసింది 1861–65 నాటి అంతర్యుద్ధం. దక్షిణాన చనిపోయిన సైనికుణ్ణి ఉత్తరాన ఉన్న ఇంటికి రైలులో చేర్చాలంటే శవం చెడకుండా ఉండాలి. 1861 మే నెలలో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో మరణించిన కర్నల్ ఎల్మర్ ఎల్స్‌వర్త్ శవానికి థామస్ హోమ్స్ అనే ఆయన రక్తనాళాల్లోకి రసాయనం ఎక్కించి భద్రపరచగా, దానిని వైట్‌హౌస్‌లో సందర్శనకు ఉంచారు. తర్వాత హోమ్స్ శవానికి వంద డాలర్ల చొప్పున తీసుకుని నాలుగు వేలకు పైగా చేశానని చెప్పుకున్నాడు. అది ఆయన సొంత లెక్క కనుక కొంత తగ్గించుకుని నమ్మడం మంచిది. 1865లో లింకన్ భౌతికకాయం వాషింగ్టన్ నుంచి ఆయన సొంత ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ వరకు దాదాపు రెండు వారాలు ఊరూరా ఆగుతూ రైలులో ప్రయాణించడంతో, ఇలా రసాయనంతో శవాన్ని భద్రపరచే ఎంబామింగ్ అంటే ఏమిటో సామాన్య జనం కళ్లారా చూశారు.

ఆ తర్వాత రసాయనాలు అమ్మే కంపెనీలు కొద్ది రోజుల పాఠాలు చెప్పి, చిన్న ఊళ్ల ఫర్నిచర్ వ్యాపారుల చేతికి పట్టాలు ఇచ్చాయి. 1882లో వీరికి జాతీయ సంఘం ఏర్పడింది. మొదట్లో పరికరాల పెట్టె పట్టుకుని చావింటికే వెళ్లి ఆ పని చేసేవారు. మరణాలు ఆసుపత్రులకు, కాపురాలు ఇరుకు ఇళ్లకు మారుతున్న కొద్దీ శవమే వీరి ఇంటికి రావడం మొదలైంది. ఊళ్లోని పాత జమీందారీ తరహా పెద్ద ఇంటిని కొని, కింద శవాల సందర్శన, మేడ మీద పిల్లలతో కాపురం పెట్టారు. ఆ పేరులో ‘హోమ్’ ఉన్నది అలంకారానికి కాదు.

జవాబు 2 – రిటైర్డ్ డాక్టర్

పై మిత్రులు చెప్పనిది ఒకటి ఉంది. నేను వైద్యునిగా చేరిన ఊళ్లో నర్సులు పాత రోజుల గురించి చెబుతూ, అంబులెన్సు కావాలంటే ఫ్యూనరల్ హోమ్‌కే ఫోన్ చేసేవాళ్లమని నవ్వేవారు. అది హాస్యం కాదు. మనిషిని పడుకోబెట్టి తీసుకువెళ్లగల పొడవైన కారు ఊరి మొత్తానికి వారి దగ్గరే ఉండేది. 1966లో వెలువడిన ఒక జాతీయ నివేదిక ప్రకారం దేశంలోని అంబులెన్సు సేవల్లో దాదాపు సగం వీరే నడిపేవారు. తర్వాత శిక్షణకు, పరికరాలకు నిబంధనలు రావడంతో ఆ పని నుంచి తప్పుకున్నారు. బతికించడానికి వచ్చినవాడూ, బతకకపోతే లాభపడేవాడూ ఒకరే కావడం ఎంత ఇబ్బందికరమో ఆలోచించండి!

దక్షిణాది ఊళ్లలో నల్లజాతి కుటుంబాల ఫ్యూనరల్ హోమ్‌ల చరిత్ర వేరు. తెల్లవారి మీద ఆధారపడని జీవనోపాధి కావడం వల్ల వాటి యజమానులు పౌరహక్కుల పోరాటంలో ధైర్యంగా నిలబడగలిగారు. బర్మింగ్‌హామ్‌లో ఎ. జి. గాస్టన్ అంత్యక్రియల చందా సంఘంతో మొదలుపెట్టి సంపన్నుడై, 1963లో మార్టిన్ లూథర్ కింగ్ బెయిలుకు డబ్బు సమకూర్చారు.

జవాబు 3 – పెన్సిల్వేనియా శర్మ

ఒహాయో వాసి గారూ, బోర్డు మీద పాత ఇంటిపేరు ఉన్నంత మాత్రాన యజమాని ఆ కుటుంబమే అనుకోకండి. హ్యూస్టన్‌లో తండ్రి ఫ్యూనరల్ హోమ్‌లో పెరిగిన రాబర్ట్ వాల్ట్రిప్ 1962లో స్థాపించిన కంపెనీ ఇటువంటివి వందల కొద్దీ కొని, చాలా చోట్ల పాత పేర్లనే ఉంచింది. ఎవరిదో తెలుసుకోవాలంటే నేరుగా అడగడమే మార్గం.

మన దహన సంప్రదాయానికి ఇక్కడి చిన్న ఊళ్లతో ఉన్న సంబంధం కూడా చెప్పాలి. ఈ దేశపు తొలి ఆధునిక క్రిమటోరియం (దహనశాల) మా రాష్ట్రంలోని వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ లెమోయిన్ సొంత స్థలంలో కట్టించినదే. 1876 డిసెంబరులో అందులో మొదట దహనం చేసిన బారన్ డి పామ్ అనే ఆయన శవాన్ని అక్కడికి చేర్చింది దివ్యజ్ఞాన సమాజ (థియోసాఫికల్ సొసైటీ) స్థాపకుల్లో ఒకరైన ఆల్కాట్. తర్వాత మద్రాసు అడయారులో స్థిరపడి, 1907లో అక్కడే దహనమైన ఆల్కాటే. ఆనాడు వింతగా చూసిన దహనాన్ని ఇప్పుడు సగానికి పైగా అమెరికన్లు ఎంచుకుంటున్నారు. పేటికల అమ్మకం పడిపోవడం చిన్న కుటుంబాల ఆదాయానికి గట్టి దెబ్బ.

ఒక ఆచరణ విషయం. 1984 నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం విడివిడి ధరల పట్టిక అడిగినవారికి ఇచ్చి తీరాలి, ఫోన్‌లో కూడా ధర చెప్పాలి. నేరుగా దహనం చేయించేవారు ఖరీదైన పేటిక కొననవసరం లేదు, అట్టపెట్టె చాలు. మా నాన్నగారప్పుడు ఈ సంగతి తెలియక, ఒక చోట చూపించిన నున్నని ఓక్ పేటికకు మారు మాట్లాడకుండా సంతకం పెట్టాను.

ప్రశ్నకర్త – ఒహాయో వాసి

అందరికీ కృతజ్ఞతలు. అస్థికల కోసం మొన్న వెళ్లినప్పుడు శర్మ గారు చెప్పినట్టు నేరుగానే అడిగాను. ఇది ఇంకా ఆ కుటుంబానిదేనట. తాతగారి కాలంలో అన్నదమ్ములిద్దరూ విడిపోయినప్పుడు ఒకరు ఫర్నిచర్, ఒకరు ఈ పని పంచుకున్నారని యజమాని చెప్పారు. నిన్న ఆ దుకాణానికి కూడా వెళ్లాను. వెనుక ఉన్న సామాను లిఫ్టు వెడల్పు తక్కువగా, లోపలికి మాత్రం ఏడెనిమిది అడుగుల పొడవున ఉంది. సోఫాలు నిలువుగా పెట్టి అందులోనే దింపుతున్నారు.