మాత్రలు మానేస్తున్న ఆయనకు వాలంటీర్లు ఎలా తోడుండాలి?

ప్రశ్న: మా కాలనీలో స్కిజోఫ్రీనియా (తీవ్రమైన మానసిక జబ్బు) ఉన్న ఒకాయన ఒంటరిగా ఉంటారు. నలుగురం వంతులవారీగా వెళ్తున్నాం. మాత్రలు మానేస్తున్నారు. ఏం చేయాలండీ?

జవాబు 1: ఎందుకు మానేస్తున్నారో ముందు ఆయన్నే అడగండి. చేతులు వణకడం, కాళ్లు కుదురుగా నిలవకపోవడం, ఒళ్లు రావడం మందుల వల్లే కావచ్చు. అవి రాసుకెళ్తే డాక్టరు మోతాదు మార్చవచ్చు, నెలకోసారి వేసే ఇంజెక్షన్‌కి మార్చవచ్చు. ఆయనకు తెలియకుండా మాత్రలు అన్నంలో మాత్రం కలపకండి. తెలిసిందంటే మీ చేతి మంచినీళ్లు కూడా ముట్టరు.

జవాబు 2: రోజుకో కొత్త ముఖమంటే బెదురుతారు. ఒక్కరే, వారానికి రెండుసార్లు, అదే వేళకు వెళ్లండి. మందులు అయిపోవడానికి వారం ముందే తెప్పించండి.

జవాబు 3: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స విషయంలో తనకు తోడుగా నిలిచే ప్రతినిధి ఎవరో ఆయన తెల్లకాగితం మీద రాసి సంతకం చేయవచ్చు. కుదుటగా ఉన్నప్పుడే రాయించండి. అర్ధరాత్రి అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.