పద్నాలుగేళ్ళ అమ్మాయికి మగవాళ్ళ టోర్నీలో చోటు: మిషెల్ వీ విషయంలో మీరేమంటారు?

మంగళగిరి_మామయ్య:
నిన్న రాత్రి భోజనాల దగ్గర మా బావమరిదికీ నాకూ పెద్ద వాదన. వాడు ఈమధ్యే గోల్ఫ్ మొదలుపెట్టాడు, ఇంక వాడి నోట వేరే మాట లేదు. మాటల్లో మిషెల్ వీ పేరు వచ్చింది. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. హవాయిలో పుట్టిన అమ్మాయి, తల్లిదండ్రులు కొరియా నుంచి వెళ్ళినవాళ్ళు. 2004 జనవరిలో హొనొలులులో సోనీ ఓపెన్ అనే పీజీఏ టూర్ (అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీల వరుస) టోర్నీ ఆడింది, అప్పటికి వయసు పద్నాలుగు. అక్కణ్ణుంచి 2008 దాకా పీజీఏ టూర్‌లో మొత్తం ఎనిమిదిసార్లు దిగింది, ఒక్కసారీ కట్ దాటలేదు. కట్ అంటే నాలుగు రోజుల టోర్నీలో రెండో రోజు సాయంత్రం వెనకబడ్డవాళ్ళని ఇంటికి పంపించడం. అప్పట్లో పై 70 మందీ, 70వ వాడితో సమానంగా ఉన్నవాళ్ళూ మిగిలేవాళ్ళు, ప్రైజ్ మనీ కూడా వాళ్ళకే.

ఆ పిల్లకి ఆట రాదని నేననడం లేదు. కానీ ఆ ఎనిమిదిసార్లూ స్పాన్సర్ పిలిస్తేనే వచ్చింది. అవతల ఏ పేరూ లేని కుర్రాడు సొంత డబ్బుతో కారేసుకుని ఊరూరా తిరుగుతూ సోమవారం అర్హత పోటీలో మూడు నాలుగు చోట్ల కోసం చచ్చీచెడీ ఆడుతుంటాడు. వాడికి దక్కాల్సిన చోటు టీవీ కెమెరాల కోసం ఇచ్చేశారు అనేది నా బాధ. బావమరిది ఒప్పుకోడు. మీరు చెప్పండి.

ఏడో_నంబర్_ఐరన్:
మామయ్యా, ముందు ఒక సంగతి. మనం అలవాటుగా మగవాళ్ళ టోర్నీ అంటాం గానీ పీజీఏ టూర్‌లో ఆడవాళ్ళు ఆడకూడదని రూలేం లేదు. గీత గీసుకున్నది ఎల్‌పీజీఏ, అది ఆడవాళ్ళకే. కాబట్టి ఆ అమ్మాయి ఎవరింట్లోనో దూరిందన్నట్టు మాట్లాడకండి.

రెండోది, 2004 స్కోరు చూడకుండా మాట్లాడితే లాభం లేదు. ఆ కోర్సు పార్ 70, అంటే పద్దెనిమిది గుంతలూ పూర్తిచెయ్యడానికి మంచి ఆటగాడికి పట్టాల్సిన స్ట్రోకులు (దెబ్బలు) 70, ఎంత తక్కువైతే అంత మంచిది. తొలిరోజు 72, రెండోరోజు 68. మొత్తం 140, సరిగ్గా పార్. కట్ ఒక్క స్ట్రోక్ తేడాతో పోయింది. ఏడు వేల యార్డుల పైచిలుకు కోర్సులో, ఆడవాళ్ళ టోర్నీల్లో అలవాటైన దానికన్నా అయిదారొందల యార్డులు ఎక్కువ ఉన్నచోట, స్కూలుకెళ్ళే పిల్ల 68 కొట్టింది. ఆ రోజు ఆమె వెనక మిగిలిపోయిన మగ ప్రొఫెషనల్స్ చాలామందే. వాళ్ళలో ఎవరినైనా నువ్వు ఎవరి చోటు లాక్కున్నావు అని అడిగామా?

అంపైర్_తాతయ్య:
68 గొప్పే. నేను కాదనను. నా సందేహం వేరే. ఆ ఒక్క 68ని పట్టుకుని నాలుగేళ్ళు అమ్ముకున్నారు. 2005 అక్టోబర్‌లో, పదహారు నిండడానికి వారం ముందు, ప్రొఫెషనల్ అయింది. నైకీ, సోనీ రెండూ కాంట్రాక్టులిచ్చాయి, ఏడాదికి కోటి డాలర్లని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. తర్వాత మూడు నెలలకి, 2006 జనవరిలో, సోనీ పేరుతో జరిగే టోర్నీలో సోనీ మనిషికి ఆహ్వానం. దీన్ని ఏమనాలి నాయనా? మా ఊళ్ళో పెళ్ళివారి తరఫున వచ్చినవాడే వంటల పోటీకి జడ్జిగా కూర్చున్నట్టుంది.

పప్పుచారు_ప్రియ:
తాతయ్యగారూ, ఇదేదో కొత్తగా ఆడపిల్లకే జరిగిందన్నట్టు చెప్తారేంటండీ. స్పాన్సర్ పిలుపులు ఎప్పుడూ అంతే కదా, లోకల్ కుర్రాడికీ, పేరున్న పాత ఆటగాడికీ, టికెట్లు అమ్ముడుపోయే ఎవరికైనా ఇస్తారు, అందుకే వాటిని అర్హత పోటీ అనకుండా పిలుపు అంటారు. అప్పుడు ఎవరికీ అన్యాయం గుర్తురాదు.

ఇంకో మాట. మన చెస్ కోనేరు హంపి సంగతి మర్చిపోయారా? 1999లో అహ్మదాబాద్‌లో ఆసియా అండర్-12 పోటీల్లో అబ్బాయిలతో ఆడి గెలిచింది. 2002లో పదిహేనేళ్ళకి గ్రాండ్‌మాస్టర్ అయి, ఆ టైటిల్ అందుకున్న అతి చిన్న అమ్మాయిగా హంగరీ జూడిత్ పోల్గార్ రికార్డు దాటింది. అప్పుడు తెలుగు పేపర్లన్నీ చంకలు గుద్దుకున్నాయి. కొరియా వాళ్ళ పిల్ల అయితే మాత్రం రూల్స్ గుర్తొస్తాయి!

మంగళగిరి_మామయ్య:
ప్రియమ్మా, హంపి ఆడింది అరవై నాలుగు గళ్ళ మీద. అక్కడ గుర్రం ఎవరు జరిపినా రెండున్నర గళ్ళే దూకుతుంది. ఇక్కడ బంతి ఎంత దూరం పోతుందన్నదే సగం ఆట. పైగా హంపికి ఆ టోర్నీలో చోటు ఎవరూ దానంగా ఇవ్వలేదు. నా వాదనకి నువ్వే సాక్ష్యం తెచ్చావు, థాంక్స్.

చాయ్_బిస్కట్:
ఇవన్నీ చదివి లేచి టీ పెట్టుకున్నాను. అల్లం వేసి. కొనసాగించండి.

ఏడో_నంబర్_ఐరన్:
మామయ్యా, ఊరికే పిలుపు మీదే బతికిందంటే మాత్రం తప్పు. 2005లో అమెరికాలో అమెచ్యూర్ పబ్లిక్ లింక్స్ అనే పోటీకి, మగవాళ్ళదానికే, అర్హత పోటీ ఆడి వెళ్ళింది. అది గెలిచినవాళ్ళకి గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీల్లో ఒకటైన మాస్టర్స్‌కి పిలుపు వచ్చేది, ఆమె కన్ను దాని మీదే. క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చి ఓడింది, ఓడించినవాడే చివరికి టైటిల్ గెలిచాడు. 2006లో యూఎస్ ఓపెన్‌కి హవాయిలో తొలి దశ అర్హత పోటీ దాటింది, న్యూజెర్సీలో రెండో దశలో ఆగిపోయింది. ఈ రెండు చోట్లా ఏ స్పాన్సరూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళలేదు.

అదే 2006 మేలో కొరియాలో మగవాళ్ళ ఎస్‌కే టెలికాం ఓపెన్‌లో కట్ దాటి 35వ స్థానంలో నిలిచింది. ఒక్కసారీ దాటలేదన్నది పీజీఏ టూర్ వరకే నిజం.

అంపైర్_తాతయ్య:
కొరియా అంటావా, అక్కడ సే రీ పాక్ అనే కొరియా గోల్ఫర్ 2003లోనే మగవాళ్ళతో ఆడి పదో స్థానంలో వచ్చింది. ఒకసారి ఆడింది, బాగా ఆడింది, తిరిగొచ్చి తన టూర్‌లో తన పని చూసుకుంది. ఆనికా సొరెన్‌స్టామ్ అయినా అంతే. అప్పటికి ఆడవాళ్ళ గోల్ఫ్‌లో ఆవిడకి ఎదురు లేదు. 2003లో టెక్సస్‌లో కలోనియల్ ఆడింది, 71, 74, కట్ నాలుగు స్ట్రోకులు తప్పింది, మళ్ళీ పీజీఏ టూర్ వైపు చూడలేదు. ఆవిడ వస్తుందనగానే ఫిజీ గోల్ఫర్ విజయ్ సింగ్ ఆమెకిక్కడ పనేంటని గొడవ చేసి, చివరికి తానే ఆ టోర్నీ మానుకున్నాడు. అది సిగ్గుచేటు, నేను ఆయన పక్షం కాదు. నేను అడిగేది ఒక్కటే, ఎన్నిసార్లు?

మిషెల్‌కి 2006 సెప్టెంబర్‌లో స్విట్జర్లాండ్‌లో మగవాళ్ళ టోర్నీలో చిట్టచివరి స్థానం, వెంటనే పెన్సిల్వేనియాలో మళ్ళీ చిట్టచివరి స్థానం. 2007 సోనీ ఓపెన్‌లో 78, 76. 2008లో మహిళల బ్రిటిష్ ఓపెన్ జరుగుతున్న వారంలోనే రీనోలో మగవాళ్ళ టోర్నీ. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళలో ఒక్కడైనా చాలమ్మా అనలేదా?

పప్పుచారు_ప్రియ:
ఇది మాత్రం ఒప్పుకుంటాను తాతయ్యగారూ. నేను ముందు వాదించింది ఆమె హక్కు గురించి, ఆ పిల్లకి మంచిదా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మా అమ్మాయికి పదమూడు, జిల్లా స్థాయిలో టేబుల్ టెన్నిస్ ఆడుతుంది, అబ్బాయిలతో ప్రాక్టీస్ చేయించడం మొదలుపెట్టాక ఆట నిజంగానే బాగుపడింది. కానీ కోచ్ ఒకాయన దాన్ని అబ్బాయిల పోటీలో ఎగ్జిబిషన్ మ్యాచ్‌కి దించుదాం, ఫోటోలొస్తాయి అన్నాడు. ప్రాక్టీస్‌కి సరే అన్నాం, ఫోటోలకి వద్దన్నాం. దాని మొహం మాడింది రెండు రోజులు. మిషెల్ ఇంట్లో ఆ వద్దు అనేవాళ్ళకి కోటి డాలర్లు ఎదురుగా ఉన్నాయి, నా పక్కన ఓ స్టీలు కప్పు తప్ప ఏం లేదు కాబట్టి నాకు తేలికైంది.

ఏడో_నంబర్_ఐరన్:
ప్రియగారూ, అంత దూరం వెళ్తే ఒప్పుకుంటా. 2007 మొదట్లో మణికట్టు విరిగింది, ఆ ఏడాదంతా నొప్పితోనే ఆడింది, ఆ స్వింగ్ మళ్ళీ అంత హాయిగా కనిపించలేదు. ఆపాల్సింది అక్కడ. కానీ ముందు ఆడవాళ్ళ టోర్నీల్లో గెలిచాక రావాలి అని కొందరంటారు, ఆ మాట మాత్రం నాకు మింగుడుపడదు. 2003లో పదమూడేళ్ళకి ఒక మహిళల మేజర్‌లో (ఏడాదిలో అతి పెద్ద టోర్నీల్లో ఒకటి) 66 కొట్టి ఆఖరిరోజు చివరి గ్రూప్‌లో ఆడిన పిల్ల అది. 2005లో మహిళల పీజీఏలో సొరెన్‌స్టామ్ తర్వాత రెండో స్థానం. ఇంకేం నిరూపించాలి?

అంపైర్_తాతయ్య:
గెలుపు బాబూ, గెలుపు. రెండో స్థానం బాగానే ఉంటుంది గానీ గెలవడం అనేది అలవాటు, అది నీ ఈడువాళ్ళతో ఆడుతూ నేర్చుకోవాలి. ఎల్‌పీజీఏలో మొదటి గెలుపు 2009లో గానీ రాలేదు.

మంగళగిరి_మామయ్య:
2014లో పైన్‌హర్స్ట్‌లో మహిళల యూఎస్ ఓపెన్ గెలిచింది కూడా తాతగారూ, అది చెప్పకపోతే నా మనస్సాక్షి ఒప్పుకోదు. అంతకు ముందువారం అదే కోర్సులో మగవాళ్ళ యూఎస్ ఓపెన్ జరిగింది. ఒకే గ్రీన్లు (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి), టీలు (తొలి దెబ్బ కొట్టే చోట్లు) మాత్రం ముందుకి. నాకైతే మగవాళ్ళ ఆటనీ ఆడవాళ్ళ ఆటనీ పోల్చడానికి అంతకన్నా మంచి దారి కనపడదు, ఎవరి చోటూ ఎవరూ లాక్కోలేదు.

సరే, నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. 2004 పిలుపు సరైనదే. ఒక్క స్ట్రోక్‌తో కట్ తప్పిన పిల్లని మరుసటి ఏడాది మళ్ళీ పిలవడమూ సరే. 2006 నుంచి పిలిచినవి మాత్రం ఆటకి కాదు, పేరుకి. అక్కడ ఆ సోమవారం కుర్రాడి పక్షానే ఉంటాను.

చాయ్_బిస్కట్:
మరి 2023లో అమెరికా గోల్ఫర్ లెక్సీ థాంప్సన్ లాస్ వేగస్‌లో పీజీఏ టూర్ టోర్నీలో 73, 69 కొట్టి మూడు స్ట్రోకులతో కట్ తప్పింది కదా, అప్పటికి ఆవిడ పాత కాపు, పదకొండు ఎల్‌పీజీఏ గెలుపులు. ఆ చోటు మీద కూడా ఏడుస్తారా మామయ్యా?

మంగళగిరి_మామయ్య:
దానికి వేరే చర్చ మొదలుపెట్టు. బావమరిది ఫోన్ చేస్తున్నాడు, ఇవన్నీ చదివినట్టున్నాడు.