మెదడు లాంటి హార్డ్‌వేర్ మనం కట్టొచ్చా? ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం అడుగుతున్న

ఈసీఈ_ఇబ్రహీంపట్నం
అందరికీ నమస్తే. నేను ఇబ్రహీంపట్నం సైడ్ ఒక కాలేజీల ఈసీఈ ఫైనల్ ఇయర్. మేం ముగ్గురం కలిసి న్యూరోమార్ఫిక్ మీద ప్రాజెక్ట్ చేద్దామనుకుంటున్నం, అంటే మెదడు లెక్క పనిచేసే హార్డ్‌వేర్. నెల రోజులసంది చదువుతున్న, చదివినకొద్దీ ఇంకా చదవాలనిపిస్తుంది. మన తలకాయల ఉన్న 8,600 కోట్ల న్యూరాన్లు కలిసి వాడుకునేది సుమారు 20 వాట్లేనంట, మా హాస్టల్ రూముల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ అంత. రాత్రి పడుకొని ఆ లైటు చూస్తుంటే గదే ఆలోచన.

కానీ మా గైడ్ సార్ ఒకటే అడిగిండ్రు, "జీపీయూ (ఇప్పుడు ఏఐ లెక్కలన్నీ చేసే గ్రాఫిక్స్ చిప్) మీద రానిది దీంట్ల ఏమొస్తది?" అని. నాకు జవాబు రాలే. ఇంటెల్ వాళ్లు మెదడు లెక్క చేసిన లోయిహి చిప్ కొందామంటే అది షాపుల దొరికేది కాదు, రీసెర్చ్ చేసేటోళ్లకే ఇస్తరు. మా దగ్గర ఉన్నది ల్యాబ్ బీరువాల ఒక ఆర్టిక్స్-7 ఎఫ్‌పీజీఏ బోర్డు (మనకు కావాల్సిన సర్క్యూట్ లోపల మనమే పెట్టుకునే చిప్), ముగ్గురం కలిపి వేసుకుంటే ఒక 6 వేలు. దీంతోని నిజంగ పనిచేసేది ఏమన్న కట్టగలమా, లేకపోతే టాపిక్ మార్చుకోవాల్నా? తెలిసినోళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్.

మాదాపూర్_ఆర్టీఎల్
టాపిక్ మార్చకు తమ్ముడూ. మీ సార్ అడిగింది మాత్రం చాలా మంచి ప్రశ్న, దాన్ని పట్టుకునే ప్రాజెక్ట్ మొదలుపెట్టండి. నేను పన్నెండేళ్లుగా ఆర్టీఎల్, అంటే చిప్ సర్క్యూట్లని వర్ణించే కోడ్ రాస్తున్నాను, నాకు తెలిసినంతలో చెప్తాను.

చిప్‌లో కరెంటు ఎక్కువగా తినేది లెక్కలు కాదు, డేటాని అటూ ఇటూ మోయడం. 2014లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ చూపించిన లెక్కల ప్రకారం, 45 నానోమీటర్ టెక్నాలజీలో రెండు 32 బిట్ అంకెలు కూడటానికి 0.1 పికోజౌల్ చాలు, అదే 32 బిట్లు చిప్ బయట ఉండే మెమరీ, డీర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే 600 పైనే అవుతుంది. దోశ బండి దగ్గర చూడు, పిండి గిన్నె మాస్టర్ చేతికి అందేలా పెనం పక్కనే ఉంటుంది. ప్రతి దోశకీ గరిటెడు పిండి కోసం ఇంటికెళ్లి రావాలంటే గ్యాస్ ఎంత మిగిల్చినా ఏం లాభం? మామూలు కంప్యూటర్లో ప్రాసెసర్ ఒకచోట, మెమరీ ఇంకోచోట. మెదడులో అలా లేదు, గుర్తుపెట్టుకునేదీ సినాప్సే (రెండు న్యూరాన్లు కలిసే చోటు), పని చేసేదీ సినాప్సే.

రెండోది, స్పైక్, అంటే న్యూరాన్ పంపే చిన్న కరెంటు తట్టు, వచ్చినప్పుడే పని. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఎవరైనా వస్తేనే రిజిస్టర్‌లో రాస్తాడు కదా, నిమిషానికోసారి "ఎవరూ రాలేదు" అని రాస్తూ కూర్చోడు. ఈ రెండూ కలిపి 2014లో ఐబీఎం ట్రూనార్త్ చేసింది, 10 లక్షల న్యూరాన్లు, 25.6 కోట్ల సినాప్సులు, 540 కోట్ల ట్రాన్సిస్టర్లు, అయినా నడుస్తున్నప్పుడు తీసుకున్నది 70 మిల్లీవాట్లు.

ఇక మీ బోర్డు సంగతి. స్పైక్ అంటే 0 లేదా 1, అంతే. కాబట్టి వెయిట్‌తో (ఆ సినాప్స్ ఎంత బలమైందో చెప్పే అంకె) గుణించే పనే లేదు, స్పైక్ వస్తే వెయిట్ కలుపు, రాకపోతే ఊరుకో. అంటే మల్టిప్లయర్ అక్కర్లేదు, ఒక యాడర్ చాలు. లీక్ కోసం, అంటే న్యూరాన్‌లో చేరిన విలువ మెల్లగా కారిపోవడానికి, భాగహారం పెట్టకు, విలువని నాలుగు బిట్లు కుడికి షిఫ్ట్ చేసి దానిలోంచే తీసేయి. వెయిట్లు బ్లాక్ ర్యామ్‌లో, అంటే ఎఫ్‌పీజీఏ లోపలే ఉండే మెమరీలో, ఆ న్యూరాన్ పక్కనే పెట్టు. ట్రైనింగ్ అంతా ల్యాప్‌టాప్‌లో ఎస్ఎన్ఎన్‌టార్చ్ అనే పైథాన్ లైబ్రరీతో చేసుకుని, వెయిట్లని 8 బిట్లకి కుదించి బోర్డులో ఎక్కించండి, సరిపోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా, అందరిలా చేతిరాత అంకెల బొమ్మలు తీసుకోకండి. కదలని బొమ్మని స్పైకులుగా మార్చి వంద స్టెప్పులు తిప్పితే ఒక్కసారి చేసే పని వందసార్లు చేసినట్టు, మీ సార్ అడిగిన దగ్గరే దొరికిపోతారు. సిగ్నల్ కూడా మెదడుకి వచ్చేలాంటిదే ఉండాలి, ఎక్కువ సేపు ఖాళీగా ఉండి అప్పుడప్పుడు కదిలేది. ఈసీజీ తీసుకోండి. ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్ ఫ్రీగా దొరుకుతుంది, 48 రికార్డింగులు, సెకనుకి 360 శాంపిళ్లు. విలువ ఒక హద్దు దాటి మారినప్పుడే స్పైక్ పంపండి, గుండె కొట్టుకునే మధ్యలో మీ సర్క్యూట్‌కి దాదాపు పనే ఉండదు. ఎన్నిసార్లు మెమరీ తీశాం, ఎన్ని కూడికలు చేశాం అని కౌంటర్ పెట్టి, ఆ రెండు అంకెలూ సార్‌కి చూపించండి.

కోఠి_బ్రెడ్‌బోర్డ్
పైన అక్క చెప్పింది వంద శాతం నిజం, కాకపోతే ఎఫ్‌పీజీఏ ముట్టుకునే ముందు ఒక్క న్యూరాన్ అన్నా చేత్తో కట్టు తమ్మి, నా మాట విను. ఈ న్యూరోమార్ఫిక్ అనే పేరు పెట్టింది కాల్‌టెక్‌ల కార్వర్ మీడ్, 1980ల చివర్ల. ఆయన పట్టుకున్న పాయింటు ఏందంటే ట్రాన్సిస్టర్ పూర్తిగ ఆన్ కాకముందు దాంట్ల కరెంటు వోల్టేజీతోని ఎట్ల పెరుగుతదో, న్యూరాన్ పొరల ఐయాన్ దారులల్ల గూడ దాదాపు అట్లనే పెరుగుతది. అంటే అది నకలు కొట్టుడు కాదు, రెండింటి వెనక ఫిజిక్స్ ఒక్కటే.

కోఠి గుజరాతీ గల్లీల ఒక ఎల్ఎం393 (రెండు వోల్టేజీలు పోల్చి చూసే కంపారేటర్), బీసీ547 ట్రాన్సిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఎల్‌డీఆర్ (వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గేది), నాలుగు రెసిస్టర్లు తెచ్చుకో. 5 వోల్టుల ఫోన్ చార్జర్ చాలు. ఎల్‌డీఆర్ నుంచి కెపాసిటర్ నిండుతది, దానికి అడ్డంగ పెట్టిన 100 కిలోఓమ్ నుంచి కారిపోతుంటది, 2.5 వోల్టులు దాటంగనే కంపారేటర్ ఎల్ఈడీ వెలిగించి, ట్రాన్సిస్టర్ కెపాసిటర్‌ని ఖాళీ చేస్తది. ఎల్‌డీఆర్ మీద చెయ్యి అడ్డం పెడితే మిణుకులు నెమ్మదైతయి, పూర్తిగ మూస్తే ఆగిపోతయి. తీస్తే మళ్ల మొదలు. నేను మొదటిసారి అది చూసి అర్ధరాత్రి మా అమ్మను లేపి చూపించిన.

కంపారేటర్ ప్లస్ పిన్నుకు అవుట్‌పుట్ నుంచి ఒక రెసిస్టర్ వెనక్కి కలిపి హిస్టరిసిస్, అంటే ఆన్ అయ్యే హద్దు, ఆఫ్ అయ్యే హద్దు వేరేగ ఉండేటట్టు, పెట్టుడు మర్చిపోకు. లేకపోతే కెపాసిటర్ కొంచెం ఖాళీ కాంగనే కంపారేటర్ ఆగిపోతది, ఆ 2.5 వోల్టుల హద్దు దగ్గర్నే గిలగిల కొట్టుకుంటది, సరైన స్పైక్ రాదు. ఇంకోటి, నాకు ఒక షాపుల పాత స్టాకు కెపాసిటర్లు ఇచ్చిండ్రు, అవి లోపల్నే ఎంత లీకైతున్నయంటే 2.5కు ఎక్కుతనే లేవు, సర్క్యూట్ తప్పేమో అనుకొని రెండు రోజులు వెతికిన. మల్టీమీటర్ పట్టుకొనిపో.

రెండు న్యూరాన్లు అవే పార్టులతోని కట్టి పక్కపక్కన పెట్టి చూడు, ఒక్క తీరుగ కొట్టుకోవు. కెపాసిటర్ మీద రాసిన విలువకే ఇరవై శాతం అటూ ఇటూ ఉంటది. ట్రూనార్త్, లోయిహి రెండూ ఇట్ల అనలాగ్‌గ కాకుండ డిజిటల్‌గ, అంటే 0, 1లతోని, ఎందుకు చేసిండ్రో అప్పుడు నీకే సమజైతది.

గచ్చిబౌలి_ఫిజిక్స్
చిన్న యాడింగ్. ఈ అనలాగ్ గొడవకి వేరే దారి కూడా వెతుకుతున్నారు, అది మెమ్రిస్టర్. 1971లో లియోన్ చువా కాగితం మీద చెప్పారు, 2008లో హెచ్‌పీ ల్యాబ్స్ వాళ్లు చేసి చూపించారు, తనలోంచి అంతకుముందు పారిన కరెంటుని గుర్తుంచుకుని తన రెసిస్టెన్స్ మార్చుకునే పార్టు, సినాప్స్‌కి బాగా దగ్గర. 2024లో మన బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు మాలిక్యూల్స్ పొరతో చేసిన దాంట్లో కరెంటుని పారనిచ్చే 16,500 వేర్వేరు స్థాయిలు నిలబెట్టారు, అది నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. మీ రిపోర్టులో ఇది పెట్టండి, ఈ పని మన దగ్గరే జరుగుతోందని మీ క్లాసువాళ్లకీ తెలియాలి.

ఈసీఈ_ఇబ్రహీంపట్నం
అక్కా, అన్నా, అందరికీ చాలా థాంక్స్. ఈసీజీయే ఫిక్స్ చేసినం. సార్‌కు దోశ బండి ముచ్చట చెప్తే నవ్విండ్రు, బీరువా తాళం చెవి ఇచ్చిండ్రు. సోమవారం క్లాసులైనంక ముగ్గురం కోఠి పోతున్నం. ఒక్క డౌట్ అన్నా, ఎల్ఎం393 అవుట్‌పుట్ నేరుగ ఎల్ఈడీకి ఇయ్యొచ్చా? సిమ్యులేషన్ల వోల్టేజీ పైకి లేస్తలేదు.

కోఠి_బ్రెడ్‌బోర్డ్
లేవదు తమ్మి, అది ఓపెన్ కలెక్టర్, కిందికి గుంజుడే తెలుసు దానికి. అవుట్‌పుట్ నుంచి 5 వోల్టులకు 10 కిలోఓమ్ పెట్టు, ఎల్ఈడీకి వేరేగ ఇంకో బీసీ547 వాడు. కెపాసిటర్లు పది తీసుకో, ఒక్కొక్కటి అక్కడ్నే చెక్ చేసి తెచ్చుకో.